కొన్నాళ్ల ఊరు

కొన్నాళ్ల కోసం పరాయి దేశం వచ్చినవాళ్లకు ‘ఎలాగూ వెళ్లిపోయేదే కదా’ అనుకోవడం అలవాటైపోతుంది. మంచి మూకుడు కొందామనుకున్నా, భాష నేర్పే తరగతిలో చేరదామనుకున్నా, పక్కింటావిణ్ని టీకి పిలుద్దామనుకున్నా ఆ ఆలోచనే అడ్డం పడుతుంది. ఫోన్లో అమ్మ కూడా అదే అంటుంది: ‘అక్కడ సామాన్లేం కొనకే, వచ్చేటప్పుడు మొయ్యలేవు.’ అందులో ప్రేమా ఉంది, లెక్కా ఉంది. అయినా ఈ విషయంలో అమ్మ మాట వినదలుచుకోలేదు. హైదరాబాద్‌లో గడిచినా బెర్లిన్‌లో గడిచినా రోజు రోజే. ఇక్కడి రోజుల్ని ఆయుష్షులో కలపకుండా పక్కన పెట్టుకోవడం ఎవరివల్లా కాదు.

నిజానికి ఈ ఊరు మనిషిని అలా అంటీముట్టనట్టు ఉండనివ్వదు. ఇల్లు చేరిన రెండు వారాల్లోగా పౌర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఇక్కడి అపార్ట్‌మెంట్లకు సాధారణంగా ఫ్లాట్ నంబర్లుండవు. వీధి, భవనం నంబరు, అంతే. ఆ తర్వాత పోస్ట్‌మ్యాన్ చూసేది పేర్లనే. కింద గోడకున్న ఉత్తరాల డబ్బాల్లో ఏదో ఒకదాని మీద మన పేరు లేకపోతే ఉత్తరం వచ్చిన దారినే పోతుంది. నేనుంటున్నది ఇంకొకరి ఇల్లు. వాళ్లు పని మీద వేరే ఊరు వెళ్తూ సామాన్లతో సహా అద్దెకిచ్చారు. గిన్నెలు వాళ్లవి, పుస్తకాలు వాళ్లవి, కిటికీలో మొక్కలు కూడా వాళ్లవే. డబ్బా మీద వాళ్ల పేరు కింద ఓ కాగితం ముక్క మీద నా ఇంటిపేరు రాసి టేపుతో అతికించాను. నా లెక్కలో నేనీ ఊరు వచ్చింది విమానం దిగిన రోజు కాదు, ఆ రోజు.

వంటింట్లో కూడా ఊరు తన సంగతి చెప్పింది. బెర్లిన్ నీళ్లలో సున్నం ఎక్కువ. కెటిల్ అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. కందిపప్పు ఓ పట్టాన మెత్తబడదు, ముందుగా నానబెట్టుకోవాల్సిందే. మంగళ, శుక్రవారాల్లో మైబాఖూఫర్ అనే కాలువ గట్టు మీద తుర్కీవాళ్ల సంత జరుగుతుంది. వంకాయలు, కొత్తిమీర, పుదీనా కట్టలు కుప్పలుగా పోసి, మన రైతుబజార్లో లాగే గొంతెత్తి అరుస్తూ అమ్ముతారు. ఆదివారం దాదాపు దుకాణాలన్నీ మూసేస్తారు, కాబట్టి శనివారమే పాలూ కూరలూ తెచ్చి పెట్టుకోవాలి. ఊరంతా కలిసి ఒక రోజు కొనడం, అమ్మడం మానేయడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నా నడకలన్నీ ఆదివారాలవే.

పేరున్న కట్టడాలు మొదట్లోనే చూసేశాను, వాటి గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నాకు ఊరు తెలిసింది రింగ్‌బాన్ వల్ల. నగరం నడిబొడ్డు చుట్టూ 37 కిలోమీటర్ల రైలు దారి అది. ఎస్41 బండి సవ్యంగా, ఎస్42 అపసవ్యంగా తిరుగుతాయి. చుట్టు పూర్తి కావడానికి గంట పడుతుంది. తోచిన స్టేషన్లో దిగి, కాళ్లు తీసుకెళ్లిన వైపు నడుస్తాను. తారు రోడ్డుకు అడ్డంగా రెండు వరసల రాళ్లు కనిపిస్తే, 1989 దాకా బెర్లిన్ గోడ అక్కడే ఉండేదన్నమాట. జనం ఇప్పుడు దాన్ని సైకిళ్ల మీద దాటిపోతుంటారు. చెత్తడబ్బా పక్కన ఖాళీ సీసాలు నిలబెట్టి ఉంటాయి. ప్లాస్టిక్ సీసా వెనక్కిస్తే మామూలుగా పాతిక సెంట్లు, బీరు సీసాకైతే ఎనిమిది సెంట్లు ఇస్తారు. వాటిని ఏరుకుని బతికే మనిషి చెత్తలో చేయి పెట్టాల్సిన అవసరం రాకూడదని అలా బయట పెడతారు. ఆ సంగతి తెలిశాక నేనూ అలాగే పెడుతున్నాను. ఊరు చూడటం కంటే ఊరి పద్ధతి ఒకటి చేతికి రావడం గొప్ప అనిపించింది.

టెంపెల్‌హోఫ్ అయితే నాకు ప్రాణం. 2008లో మూసేసిన విమానాశ్రయం అది, 2010 నుంచి జనం తిరిగే మైదానం. విమానాలు దిగిన రన్‌వే మీద పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. అక్కడ ఇళ్లు కట్టబోతే 2014లో నగరవాసులు ఓటేసి ఆపారు. ఓటు హక్కు లేని నాలాంటివాళ్లం కూడా వాళ్లు కాపాడుకున్న ఆ గాలిలోనే నడుస్తున్నాం.

నడుస్తున్నప్పుడు, నాకంటే ముందు ఇలా కొన్నాళ్లకని వచ్చినవాళ్లు గుర్తొస్తారు. హైదరాబాద్‌లో పుట్టి, తర్వాత మన రాష్ట్రపతి అయిన జాకిర్ హుస్సేన్ ఇక్కడ అర్థశాస్త్రంలో పరిశోధన చేసి 1926లో డాక్టరేట్ తీసుకున్నారు. చదువుకు వచ్చిన మనిషి చదువుతో ఆగలేదు. ఇక్కడి కావియానీ ప్రెస్‌లో గాలిబ్ దీవాన్ అచ్చు వేయించారు. ‘వెళ్లిపోయేదే కదా’ అనుకునే మనిషి చేసే పని కాదది. సరోజినీ నాయుడి తమ్ముడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ కూడా హైదరాబాద్‌లోనే పుట్టాడు. 1914లో ఇక్కడ ఏర్పడిన భారత విప్లవకారుల కమిటీలో ఆయన ముఖ్యుడు. ఇంటికి తిరిగి వెళ్లే రోజు ఆయనకు రానేలేదు. 1937లో సోవియట్ దేశంలో స్టాలిన్ ప్రభుత్వం ఆయన్ని చంపేసింది. ఆయన బతుకులో ఏ ఊరిని తాత్కాలికం అనాలి? రష్యన్ రచయిత నబకోవ్ 1922 నుంచి 1937 దాకా ఇక్కడే అద్దె గదుల్లో గడిపాడు. తన రష్యన్ ఎక్కడ చెడుతుందోనని జర్మన్‌కు దూరంగా ఉన్నాడట. అయినా బెర్లిన్ మీద ఆయన రాసిన చిన్న కథలో ట్రాము కండక్టరు చేతుల్ని కూడా వదల్లేదు. దూరంగా ఉంటూ కూడా అంత శ్రద్ధగా చూడొచ్చని ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

ఇక రాళ్ల సంగతి. ఇక్కడ చాలా ఇళ్ల ముందు కాలిబాటలో పది సెంటీమీటర్ల చదరపు రాళ్లుంటాయి, పైన ఇత్తడి పలకతో. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు మొదలుపెట్టిన పని. బెర్లిన్‌లో మొదటివి 1996లో పెట్టారు. ‘ఇక్కడ నివసించారు’ అని ఉండి, కింద ఒక పేరు, పుట్టిన ఏడు, నాజీలు పట్టుకుపోయిన తేదీ, చంపిన చోటు ఉంటాయి. మా గుమ్మం ముందు కూడా ఉన్నాయి. ఒకే ఇంటిపేరు, పక్కపక్కనే పలకలు. మూకుళ్లు కొనుక్కున్నవాళ్లు, కిటికీలో మొక్కలు పెంచుకున్నవాళ్లు. ఈ ఇంట్లో కొన్నాళ్లే ఉంటామని వాళ్లెవరూ అనుకుని ఉండరు. వాటి మీదుగా దాటి లోపలికి వెళ్లే ప్రతిసారీ, స్థిరమైనదీ తాత్కాలికమైనదీ అంటూ నేను గీసుకున్న గీత చెరిగిపోతుంది. నా ఒప్పందానికి చివరి తేదీ ఉంది. వాళ్లకు తేదీ లేదు, ఇల్లు ఉంది, ఊరు ఉంది, ఆ రెండూ వాళ్లను కాపాడలేదు.

నవంబర్ 9న, 1938లో యూదుల ఇళ్లూ దుకాణాలూ ధ్వంసం చేసిన రాత్రికి గుర్తుగా, చాలామంది ఈ పలకల్ని తుడిచి దీపాలు పెడతారు. ఆ సాయంత్రం పక్కింటావిడ మోకాళ్ల మీద కూర్చుని తోముతోంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఇత్తడిని మా ఇళ్లలో చింతపండుతో తోముతామని నాకొచ్చిన కాస్త జర్మన్లో చెప్పాను. ‘మీ దగ్గరుందా?’ అంది. పైకెళ్లి నానబెట్టిన పిడికెడు తెచ్చాను. ఒక మూల రుద్ది చూసి, తడిగుడ్డతో తుడిచి, ఆవిడ తల ఊపింది. ఎదురింటి ముందు కూడా ఒకటుందట, ఆ భవనంలో దాన్ని పట్టించుకునేవాళ్లు లేరట. గిన్నె నేను పట్టుకున్నాను, గుడ్డలు ఆవిడ తీసుకుంది, ఇద్దరం రోడ్డు దాటాం.