గెడకు తగిలిన నేల

దింపుడుకళ్ళపు ఆశ యని జనులు తేలికగా అనెడి మాట చెవిని బడినప్పుడెల్ల, కొల్లేటి నడుమ గెడ వేసి నిలిపిన ఒక దోనె నాకు జ్ఞప్తికి వచ్చును. పాడెను సగము దారిలో దింపి, కొడుకు వంగి, పోయినవాని చెవిలో ముమ్మారు పిలుచుట ఎవరికొరకు? ప్రాణమింకను మిగిలియున్నదేమో చూచుకొనుటకు పూర్వులు పెట్టిన పరీక్ష యని చదువుకొన్నవారు చెప్పెదరు. ఆ సమాధానము నాకు రుచింపదు. ఆస్పత్రిలో శవపరీక్ష ముగించి, కుట్లు వేసి అప్పగించిన దేహమును సైతము మనవారు దింపి పిలుచుచున్నారు. బదులు రాదని ఆ పిలుచువానికి తెలియదా?

నాకప్పుడు పదేండ్లు. మాది కొల్లేటి లంక. ఆ యేడు ఆశ్వయుజమున బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఒక్కుమ్మడిగా వచ్చిపడగా, అంత నీటిని సముద్రమునకు చేర్పవలసిన ఒక్క ఉప్పుటేరు లాగలేకపోగా, వారముల తరబడి ఊరి చుట్టు నీరే నిలిచినది. ఆ నీటి నడుమ మా తాతయ్య పోయెను. శ్మశానము మునిగియుండెను, ఇంటనున్న కట్టెలు తడిసియుండెను. ఏలూరు వైపు మెట్టకు దోనెలో తీసికొనిపోవ నిశ్చయించిరి. దోనె నడుపుటకు వచ్చినవాడు మా పొరుగు పేట క్రైస్తవుడు. ముందటి యేడు తన తల్లిని పెట్టెలో పెట్టి ఇదే నీటి మీదుగా సమాధుల తోటకు చేర్చినవాడు. కిక్కిస దుబ్బులు దాటి నడినీటికి వచ్చిన పిమ్మట, ఎవ్వరును చెప్పకయే, అతడు గెడ గ్రుచ్చి దోనె నిలిపెను.

"సగం దారి వచ్చామండి. పిలుచుకోండి."

మా బంధువులలో పెద్దవాడొకడు అడ్డుపడెను. "నేల మీద దింపితేనేరా కళ్ళం. నీళ్ళ మీద పిలుపేవిటి?"

"గెడకి నేల తగుల్తానే ఉందండి బాబూ," అని అతడు మెల్లగా అనెను.

నాన్న వంగెను. పెదవులు తాతయ్య చెవి దగ్గరకు వచ్చినవి. అంతలో ఆ పెద్దవాని ముఖము వంక చూచి, ఏమియు అనక లేచి కూర్చుండెను. గెడ పైకి వచ్చినది; దాని కొనను నల్లని బురద యుండెను. ఆ బురద నీటిలో కరగిపోవుట నేను చూచితిని. మెట్ట చేరునప్పటికి దోనె ఆగిన రేవే శ్మశానము. ఇక దింపుటకు సగము దారి యెక్కడిది?

పిలుపు పోయినవానికొరకైనచో, అతని చెవికి మట్టితో పనియేమి? ఉన్నవారికొరకైనచో, ఆ దినమున మా నాన్న కంటె దాని యవసరము ఎవరికుండెను? ఎటు చూచినను ఆ పెద్దవాని మాట నిలువదు. అయినను అందరమును దానికి తలయొగ్గితిమి.

మతములు నిప్పు దగ్గర, మట్టి దగ్గర వేరుపడుననుట పైపై మాట. మనలో జంగములు పూడ్చుకొందురు. పసిబిడ్డను అగ్నికి ఈయక మట్టికే యిత్తుము. రోము సభ 1963లో దహనమునకు అనుమతి నిచ్చినను, ఏలూరు కతోలికులు నేటికిని నవంబరు 2న సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించుచున్నారు. నన్ను పట్టి యాపునది చెవి. ఏలూరులో తివాచీలు నేయు ఒక వృద్ధుడు నాకొకప్పుడు చెప్పెను: బిడ్డ పుట్టగనే చెవిలో అజాన్ వినిపింతురు, జనాజా నమాజునకు మాత్రము అజాన్ లేదు. "ఆ నమాజుకి పిలుపు పుట్టిన్నాడే అయిపోయిందండి," అనెను. మనమును బారసాలనాడు బిడ్డ చెవిలోనే గదా పేరు పెట్టుదుము. అట్లయినచో కళ్ళము దగ్గర పిలుచుట వెనుకకు రమ్మనుటకు కాదు, చెవిలో పెట్టిన పేరును చెవిలోనే అప్పగించుటకు అని తలచి, కొంతకాలము తృప్తిపడితిని.

ఆ తృప్తి మా నాన్న దగ్గర నిలువలేదు. ఆయన తన ముసలితనమును తాడేపల్లిగూడెములో నా యింట గడపెను. వాన పడిన రాత్రులు మంచము మీద లేచి కూర్చుండి, "గెడకి నేల తగిలింది కదరా?" అని అడిగెడివాడు. "తగిలింది నాన్నా," అనెడివాడను. "నేనూ చూశాను" అని కలిపెడివాడను. ఆయన మరల పండుకొనెడివాడు గాని, తరువాతి వానకు మరల అడిగెడివాడు.

ఆయన పోయినపుడు వైకుంఠరథమును బాట ప్రక్కన నిలిపి, పాడెను దింపితిమి. నేను ముమ్మారు పిలిచితిని. అంతయు సక్రమముగ జరిగినదని అందరును అనిరి. కాని ఆ సాయంకాలమునకే నాలో ఏదియో సర్దుకొనిపోయినది. రాత్రి నిద్రయు పట్టినది. చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. పిలువని పిలుపు మా తాతయ్యను నలువదేండ్లు నాన్న చెంతనే యుంచినది. పిలిచిన పిలుపు నాన్నను నా నుండి ఒక్క పూటలో తీసికొనిపోయినది. ముగించుటకే ఈ కర్మ యేర్పడినదా? అట్లయినచో ఆ దోనెలో అడ్డుపడినవాడు తెలియకయే మేలుచేసెననవలెను. అది అనుటకు నాకు నోరు రాదు. వానలో లేచి కూర్చున్న ఆ ముసలి ముఖమును చూచినవాడెవడును దానిని మేలనడు.

మొన్న ఏలూరు నుండి కైకలూరు పోవుచు, 2006లో చేపల చెరువుల గట్లు పగులగొట్టిన తావులు దాటిన పిదప, ఒకచోట బస్సు దిగితిని. దూరమున కిక్కిస గాలికి వంగుచుండెను. గట్టు నుండి నీటి అంచునకు దిగి, మోకాళ్ళ మీద వంగితిని. "తాతయ్యా" అను మాట గొంతు వరకు వచ్చినది. కాళ్ళ క్రింద నేల యున్నది; అడ్డుపడువా డెవ్వడును లేడు. చాలసేపు అట్లే యుండి, పిలువక, తరువాతి బస్సునకు లేచి వచ్చితిని.