ఇంటి శ్రమ, తరాల ఋణం

కులవృత్తిని విడిచి వెళ్లిన కుమారుడు తండ్రికి అన్యాయం చేసినవాడవుతాడా? చేనేతను గురించిన చర్చలలో ఈ ప్రశ్న తరచుగా ఒక నిట్టూర్పుగా వినబడుతుంది. మగ్గం మూలపడిందనీ, పిల్లలు భివండీకో సూరత్‌కో కూలికి పోయారనీ, కుటుంబం చెదిరిపోయిందనీ మనం వింటూనే ఉన్నాము. ఆ వేదన నిజమైనదే. అయితే ఆ కుటుంబం ఎవరి శ్రమపై నిలిచి ఉండేదో పరిశీలించకుండా తీర్పు చెప్పబూనడం న్యాయం కాదు.

పోచంపల్లి ప్రాంతపు చేనేత ఇంటినే తీసుకుందాం. మగ్గంపై నేసేది సాధారణంగా ఇంటి పెద్ద. రాట్నంపై కండెలు చుట్టేది భార్య. బడి నుండి వచ్చిన పిల్లలు ఆమెకు సాయం. చిటికి కట్టి రంగులు అద్దడానికి ముందు పేక నూలును ఆసు పోయాలి. అర్ధవలయంగా అమర్చిన మేకుల చుట్టూ ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేతిని అటూ ఇటూ ఆడించాలి. తరతరాలుగా ఈ పని స్త్రీలదే. కూలి మాత్రం చీరకు లెక్క. అది మగ్గంపై కూర్చున్నవాని పేరనే పడేది. ఆసు పోసిన భుజానికి వేరే పద్దు లేదు. దానిని ‘ఇంటి పని’ అన్నారు. ఎంత సౌకర్యవంతమైన మాట!

ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజాల నొప్పిని చూస్తూ పెరిగారు. ఆయన 1999లో ఆసు యంత్రాన్ని సిద్ధం చేసి దానికి తల్లి పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ లభించింది. ఆయన వృత్తిని యథాతథంగా మోయలేదు, వదలిపెట్టనూ లేదు. ఇంటిలో ఎవరూ శ్రమగా గణించని దానిని శ్రమగా గణించారు. పై ప్రశ్నకు నాకు తెలిసిన మేలైన సమాధానం ఇదే.

పాత ఇంటిలో పోగొట్టుకున్నవీ లేకపోలేదు. మగ్గం దిగిన వృద్ధునికి కండెల దగ్గర చోటుండేది. పదవీ విరమణ అనే మాటే అక్కడ లేదు. తండ్రి చేసే పని బిడ్డకు కనబడేది. కార్యాలయానికి వెళ్లే నేటి తండ్రి పగలంతా ఏమి చేస్తాడో అతని బిడ్డ చెప్పలేదు. ఈ నష్టానికి ఏ యంత్రమూ పరిహారం కాజాలదు.

కాని చర్చ అంతా కుమారుని చుట్టూనే తిరగడం గమనార్హం. 2019–20 నాటి చేనేత గణన ప్రకారం దేశంలోని సుమారు 35 లక్షల మంది చేనేత పనివారిలో నూటికి డెబ్బైమందికి పైగా స్త్రీలే. ఆసు పోయవలసి వస్తుందని చేనేత ఇంటి సంబంధాన్ని నిరాకరించిన యువతులున్నారు. వారు ఎవరి ఋణం ఎగవేశారని ఎవరమూ అడగలేదు. చీర ధర కట్టేటప్పుడు ఆ ఇంటి నలుగురి పనికి నాలుగు కూలీలు లెక్కించిన నాడు, మగ్గం దగ్గర ఉండడమో వెళ్లిపోవడమో ఆ కుమార్తె, ఆ కుమారుడు తామే తేల్చుకోగలరు.