వంశవృక్షమున లేని పేరులు

వంశవృక్షమనగానే మన కన్నులకు గట్టునది ఒక పటము. పైన మూలపురుషుడొకడు, వాని క్రింద కొడుకులు, మనుమలు, మునిమనుమలు. నిజమైన చెట్టునకు వేళ్లనేకములు. మన పటమునకు మాత్రము వేరొక్కటియే. ఈ వైపరీత్యమేల కలిగెనో విచారింపవలసియున్నది.

ముందుగా లెక్క చూతము. ప్రతి మనుష్యునకు తల్లిదండ్రులిద్దరు. తాతలు, అవ్వలు కలిసి నలుగురు. ఆపై తరమున ఎనమండ్రు. ఇట్లు పదవ తరమునకు పోవునప్పటికి 1,024 స్థానములేర్పడును. మేనరికములచే ఒక్క వ్యక్తియే రెండు మూడు స్థానములందుండవచ్చును గాక, అప్పటికిని ఆ సంఖ్య పెద్దదే. వానిలో మన యింటిపేరు వచ్చిన దారి ఒక్కటి. ఆ యొక్క దారిని బట్టుకొని "మా వంశ మిట్టిది" అని మీసము దువ్వువాడు తక్కిన 1,023 స్థానములను ఏమి చేసినట్లు?

ఈ మరపు మనకే పరిమితము కాదు. సుప్రసిద్ధ జర్మను సంగీతవిద్వాంసుడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1735వ సంవత్సరమున తన వంశచరిత్రము వ్రాసికొనెను. ఆయన చెప్పిన మూలపురుషుడు వైట్ బాఖ్, రొట్టెలు కాల్చి జీవించిన సామాన్యుడు. 16వ శతాబ్దమున లూథరు మతము నవలంబించినందున హంగేరీ విడిచి, తురింగియా ప్రాంతమున వెహ్మార్ అను పల్లె చేరెను. పిండిమరకు పోవునప్పుడును తన తంతివాద్యమును వెంట గొనిపోయి, తిరుగలి చప్పుడునకు తోడుగా వాయించెడివాడట. ఒక పల్లెవాని వినోదము కొన్ని తరములలో లోకమునకు భాగ్యమయ్యెను. ఈ కథ యెంత మనోహరము! అయినను ఆ పత్రమున సంఖ్యలిచ్చి వివరించినవారు 53 మంది, అందరును పురుషులే. వారిని కని పెంచి, లాలిపాట పాడి నిద్రపుచ్చిన స్త్రీలకు ఆ వరుసలో సంఖ్య లేదు. సంగీతము తండ్రులనుండియే వచ్చెనని యెవరు నిర్ణయింపగలరు?

మన ప్రాంతమునకు వత్తము. మా భిక్నూరున సిద్ధరామేశ్వరాలయము, సమీపమున దోమకొండ కోట కలవు. కోటనేలిన కామినేనివారి పేరులు చరిత్రమున నిలిచినవి. దాని గోడలకు రాళ్లు మోసినవారి, సున్నము నూరినవారి పేరులు మనకు దక్కలేదు. జర్మను పల్లెలలో మతాచార్యులు నామకరణములను, వివాహములను, మరణములను పుస్తకములకెక్కించిరి; మన పల్లెలలో ఆ పని కంఠములు చేసినవి. పిచ్చకుంట్లవారు కాపుల గోత్రములను, కూనపులివారు పద్మశాలీల వంశమును, డక్కలివారు మాదిగల పుట్టుపూర్వోత్తరములను తరతరములుగా పాడిరి. మన పూర్వులను జ్ఞప్తియందుంచుకొన్న ఈ విద్వాంసులకు మనమిచ్చిన గౌరవమెట్టిది? దోసెడు గింజలు పెట్టి వాకిటనే నిలిపితిమి. వంశమును పొగడించుకొని, పొగడినవానిని నీచునిగా జూచుటకంటె విపరీతమేమున్నది?

ఇంతటితో పోయిన బాగుండెడిది. 1935లో జర్మనీ ప్రభుత్వము న్యూరెంబర్గు శాసనములు చేసి, తాతలు, అవ్వలు నలుగురిలో ముగ్గురు యూదులైనచో ఆ మనుష్యుని యూదునిగా నిర్ణయించెను. నామకరణములు వ్రాసిన ఆ పుస్తకములే మనుష్యులను వేరుచేయు జల్లెడలైనవి. అది పరదేశపు పాపమని నిట్టూర్చి ఊరకుండుటకు మనకు వీలులేదు. 2018లో మిర్యాలగూడలో ఒక యువకుడు అన్యకుల కన్యను వివాహమాడినందుకు, గర్భవతియైన ఆ యిల్లాలి కన్నులయెదుటనే చంపబడెను. వంశము పేరు చెప్పి వంశాంకురము కన్నతండ్రినే కడతేర్చిరి!

అట్లయిన వంశచరిత్రమును తగులబెట్టుదమా? వలదు. పేరు లేకుండ చేయబడినవారికి పేరు దొరకుట న్యాయము. వెట్టి చేసిన తాత యెవరో తెలిసికొనగోరు మనుమని యాసలో గర్వము లేదు, ఋణము తీర్చుకొను తపనయున్నది. వంశము నడుగు ప్రశ్న రెండు విధములు. "నేనెవరికంటె అధికుడను?" అని యడుగువానికి చెట్టు కత్తియగును, "నేనెవరెవరికి ఋణపడితిని?" అని యడుగువానికి అదే చెట్టు నీడయగును.

తరగతిలో పిల్లలను తమ అవ్వల పేరులు వ్రాయుమంటిని. తండ్రి తల్లి పేరు చాలమంది వ్రాసిరి. తల్లి తల్లిని "అమ్మమ్మ" యనియే యెరిగినవారు కొందరు. అమ్మమ్మ తల్లి పేరు వ్రాసినది ఒక్క బాలికయే. మూడు తరములకే ఒక స్త్రీ పేరు అదృశ్యమగుచుండగా, పది తరముల గొప్ప చెప్పుకొనుట మనకేల? స్మృతికారులు సాపిండ్యమును తండ్రివైపున ఏడు, తల్లివైపున ఐదు తరములకు చెప్పిరి. 1955 నాటి హిందూ వివాహ చట్టము ఐదు, మూడుగా తగ్గించెను. సంఖ్యలు మారినను తల్లివైపు తక్కువగానే మిగిలెను.

చదువరులారా! ఈ మాసముననే మీ యింటి పెద్దలనడిగి, రెండువైపులవారి పేరులను, వారు చేసిన పనులను వ్రాసియుంచుడు. కుండ చేసినదియు, నాట్లు వేసినదియు, కాన్పులు చేసినదియు వదలకుడు. పేరు తెలియనిచోట గీత గీసి ఖాళీయుంచుడు. ఆ ఖాళీయు సత్యమే. మన తర్పణవిధియందును తుదకు బంధువులు లేనివారికి, పేరు చెప్పువారు లేనివారికి నీళ్లు విడుచుట కలదు. ఆ నీరు ఏ కులమువారికి చేరునో విడుచువాడడుగడు. మన వంశవృక్షములును అట్లే యుండునుగాక.