చెరువు తగ్గినప్పుడు

చెరువు నిండితే ఊరంతా కట్ట మీదికి వస్తుంది. తగ్గితే చూడటానికి ఎవరూ రారు. చలికాలపు వలస పిట్టలు మాత్రం సరిగ్గా ఆ తగ్గే వేళకే వస్తాయి.

దక్కన్‌లో చెరువును కట్టిందే నిండి ఖాళీ కావడానికి. వానలకు నిండుతుంది, తూము తెరిస్తే ఆయకట్టుకు పారుతుంది, చలి ముదిరేసరికి చెరువు అడుగున ఉండే శిఖం భూమి మెల్లగా బయటపడుతుంది. సైబీరియా వైపు నుంచి వచ్చే ఉల్లంకి పిట్టలకు ఆ తడి అంచే అన్నం కంచం. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసిననాటికి, ఇప్పుడు హైదరాబాద్ నగరంలో కలిసిపోయిన ఉప్పల్ ఇంకా పల్లెటూరే. ఉప్పల్ నల్ల చెరువు కట్ట మీద ఓ పెద్దాయన నాకు చేయి చాచి చూపించాడు: "పండుగ నాటికి నీళ్లు అగో, గా చెట్టుదాంక దిగేటియి బిడ్డా. ఆ తడి మీదనే దోస పెట్టేటోళ్లం."

ఉల్లంకిని కాసేపు చూడండి. వంద గ్రాములు కూడా తూగదు. నిలబడ్డా తోకభాగం పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. ముక్కు కొసలో స్పర్శ తెలిపే నాడులుంటాయి; బురదలో దాక్కున్న పురుగును కంటితో చూడకుండానే పసిగడుతుంది. నీళ్లు దాని కాళ్ల లోతు దాటితే మాత్రం ఎంత పెద్ద చెరువైనా దానికి పనికిరాదు.

ఇప్పుడు నగరంలో చెరువు తగ్గడం మరిచిపోయింది. తూము కింద పొలాల్లేవు, ఇళ్ల మురుగు ఏడాది పొడవునా వచ్చి చేరుతుంది, పైన గుర్రపుడెక్క పరుచుకుంటుంది. చెంచామూతి బాతుల్లాంటివి ఆ నీళ్లలోనూ తిండి వెతుక్కుంటాయి. వాటిని చూసి చెరువు బాగుందనుకోలేం.

నిండుదనమే సంపద, ఖాళీ అంటే లోటు అని చిన్నప్పటి నుంచీ విన్నాం. ఒడ్డున నిలబడి చూస్తే నాకది నిజమనిపించదు. ఉన్నదంతా పొలాలకు ఇచ్చి తగ్గిన చెరువే దూరదేశపు ప్రాణికి కాలు మోపే చోటిస్తోంది. వయసు పైబడి, పనులు ఒక్కొక్కటే చేజారుతున్న ఈ రోజుల్లో ఆ సంగతి నన్ను గట్టిగా పట్టుకుంటోంది. నాలో తగ్గిపోయిందని బాధపడుతున్న చోట ఇంకొకరికి తావు దొరుకుతోందేమో, నేను చూడటం లేదేమో.

చెరువుల సుందరీకరణ అంటే నాకు దిగులు అందుకే. మురుగు ఆపాల్సిందే, గుర్రపుడెక్క తీయాల్సిందే. అందులో రెండో మాట లేదు. కానీ చుట్టూ రాతి కట్టడం, రెయిలింగు, నడకదారి వేసి ఏడాదంతా అంచుదాకా నీళ్లు నిలబెడితే ఆ చెరువు మన కళ్లకు మాత్రమే అందం. మీ కాలనీ చెరువును బాగుచేయడానికి అధికారులు వచ్చినప్పుడు ఒక్క మాట అడగండి: ఒక వైపు ఒడ్డును వాలుగా, మట్టిగా వదిలేయమనండి, చలికాలంలో నీటిని కొంత దిగనివ్వమనండి.