ఎనిమిదో తరగతి మనవరాలికి



ఇంగ్లీషులో క్లాసు ఫస్టు వచ్చావని మీ అమ్మ ఫోనులో చెబితే చాలా సంతోషించాను. ఆ తర్వాత నువ్వు చెప్పిన రెండు సంగతులే మనసులో నలుగుతున్నాయి. నాన్‌ డిటెయిల్ పాఠం చదవనే లేదనీ, గైడులో జవాబులు బట్టీ పట్టి రాసేశాననీ అన్నావు. నీ పక్క బెంచీ పిల్ల ‘హీ గో’ అంటే క్లాసంతా నవ్విందనీ, నువ్వూ నవ్వావనీ అన్నావు. ఇవి తీరిగ్గా మాట్లాడుకోవలసినవి, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ పిల్ల సంగతి. తెలుగులో వెళతాను, వెళతావు, వెళతాడు, వెళుతుంది అని ఎవరి గురించి చెబుతున్నామో దాన్నిబట్టి క్రియ మారుతుంది. ఇంగ్లీషులో మామూలు క్రియలు ‘హీ గోస్’ అనే ఒక్క చోట తప్ప మారవు. ఆ ఒక్క చోటే మన పిల్లలు తడబడతారు. మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది, వాళ్ల వాక్యంలో మధ్యలోకి వస్తుంది. ‘ఎ’, ‘ది’ లాంటివి మనకు అసలు లేవు. ఇంట్లో ఇంగ్లీషు వినని పిల్ల ఇన్ని తేడాలు దాటుకుని నలుగురి ముందు నోరు తెరిచిందంటే ధైర్యం చేసినట్టే. ఒకసారి నవ్వులపాలైన పిల్ల మళ్లీ నోరు తెరవదు. ఏళ్ల తరబడి హైస్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని, అలా మూగబోయిన పిల్లలను చాలామందిని చూశాను. ఆ పిల్ల దగ్గరికి వెళ్లి మాట్లాడు. ఇది మాత్రం నా మాటగా విను.

ఇక గైడు సంగతి. ఇంగ్లీషు మన దగ్గర చాలాకాలంగా ప్రదర్శన వస్తువైపోయింది. గురజాడవారి ‘కన్యాశుల్కం’ నాటకం అచ్చయింది 1897లో. అందులో వెంకమ్మ తన కొడుకునీ, వాడికి చదువు చెప్పే గిరీశాన్నీ ఇంగ్లీషులో మాట్లాడమని ముచ్చటపడి అడుగుతుంది. వాళ్లు పిల్లల పద్యం ఒక ముక్క, రేఖాగణితం ఒక ముక్క అప్పజెబుతారు. ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ సంబంధమే ఉండదు. ఆ తల్లి మురిసిపోతుంది. గైడు చూసి నువ్వు రాసిన జవాబూ అంతే తల్లీ. అక్షరాలు ఇంగ్లీషువే, నువ్వు మాత్రం అందులో లేవు. చదవని కథ మీద అభిప్రాయం రాసి మార్కులు తీసుకోవడం నిజాయితీ కాదు. నువ్వు చెడ్డపిల్లవని నేననడం లేదు, ఆ అలవాటు మంచిది కాదంటున్నాను.

ఆర్‌.కె. నారాయణ్ ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ అనే నవల రాశారు, అది 1935లో వెలువడింది. అందులో స్వామికి వాళ్ల నాన్న మామిడిపండ్ల లెక్క ఒకటి ఇస్తాడు. ఆ పండ్లు మగ్గాయా లేదా అన్నది వాడి సందేహం. లెక్క సంగతి ఎలా ఉన్నా, చదివింది కళ్ల ముందు కనబడితేనే అలాంటి ప్రశ్న పుడుతుంది. కథ చదివినప్పుడు నీకూ అలాంటి ప్రశ్న ఒక్కటి పుట్టాలి. గైడులో అది దొరకదు.

గ్రామరు వద్దని నేననను. టెన్సులు, వాయిసులు శ్రద్ధగా నేర్చుకో. అయితే గ్రామరే సర్వస్వమా అని అడిగితే మార్క్ ట్వేన్ రాసిన హకల్‌బెరీ ఫిన్ కథ చెబుతాను. అది 1884లో ఇంగ్లండులో, మరుసటి ఏడు అమెరికాలో వెలువడింది. తాగుబోతు తండ్రి కొడుకు హక్, పారిపోయిన బానిస జిమ్, ఇద్దరూ తెప్ప మీద మిసిసిపీ నదిలో సాగిపోతారు. కథ చెప్పేది హక్కే. వాడి మాటల్లో నీ గ్రామరు పుస్తకం తప్పనేవి పేజీకి పది దొరుకుతాయి. రచయిత కావాలనే, ఎంతో జాగ్రత్తగా రాసిన యాస అది. జిమ్ ఎక్కడున్నాడో యజమానురాలికి చెప్పేయడమే ధర్మమని హక్‌కి అందరూ నేర్పారు. ఉత్తరం రాస్తాడు కూడా. తర్వాత జిమ్ తనను ఎంత ప్రేమగా చూసుకున్నాడో గుర్తుకొస్తుంది. నరకానికి పోయినా సరేననుకుని ఆ ఉత్తరం చింపేస్తాడు. క్లాసులో ‘హీ గో’ అనగలిగే కుర్రాడే, చుట్టూ ఉన్న పెద్దమనుషులకు లేని మనసు చూపించాడు. సాహిత్యం చదవమని నేను ప్రాణం పెట్టి చెప్పేది ఇలాంటి చోట్ల కోసమే.

ఆ యాస నీకిప్పుడు కష్టం. మొదట తెలుగులో చదువు, అందులో నామోషీ ఏమీ లేదు. నండూరి రామమోహనరావు గారు హకల్‌బెరీ ఫిన్‌నూ, టామ్ సాయర్‌నూ, స్టీవెన్సన్ ‘ట్రెజర్ ఐలండ్’ని ‘కాంచన ద్వీపం’ పేరుతోనూ చక్కటి తెలుగులో రాశారు. కథ తెలిశాక ఇంగ్లీషులో పిల్లలకు కుదించిన పుస్తకం పట్టుకో. తెలియని మాట వచ్చిన ప్రతిసారీ డిక్షనరీ తీయకు. పేజీ పూర్తిచేసి, అడ్డుపడిన రెండు మూడు మాటలే చూసుకో. రోజూ ఒక పేజీ పైకి చదువు. మీ నాన్న వింటారు.

హకల్‌బెరీ ఫిన్ తెలుగు పుస్తకం పోస్టులో పంపిస్తున్నాను. నువ్వు చదివాక నీ పక్క బెంచీ పిల్లకు ఇవ్వు. ఉత్తరం చింపే చోటు వచ్చాక, హక్ చేసింది నీకు న్యాయమనిపించిందో లేదో, ఎందుకో, నీ మాటల్లో అరపేజీ రాసి పంపు. ఇంగ్లీషులో రాస్తే సంతోషం. తప్పులున్నా ఎర్ర సిరాతో దిద్దను.

మీ అమ్మమ్మ