చిటికెడు సాంబ్రాణి

ఏప్రిల్ 23 సెయింట్ జార్జి దినం. టెక్కలి, సోంపేట వైపు కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు నాటిన సంఘాల్లో పునీతుల పండగలు చెయ్యరు. కతోలిక సోదరులు చేస్తారు. ఎవరు చేసినా చెయ్యకపోయినా వాట్సాప్ మాత్రం ఆయన్ని మరిచిపోదు. తెల్లగుర్రం, పొడవాటి బల్లెం, గిట్టల కింద నోరు తెరిచిన ఘటసర్పం. కింద ఎర్ర అక్షరాల్లో శత్రువులకు ఏదో ఒక హెచ్చరిక.

ఆ బొమ్మంటే నాకు గిట్టదు. ఘటసర్పం కథ జార్జి పోయిన ఏడు వందల ఏళ్లకు గానీ పుట్టలేదు. 13వ శతాబ్దంలో 'గోల్డెన్ లెజెండ్' అనే పునీతుల కథల పుస్తకంలోకి ఎక్కాక ఊరూరా పాకింది. దానికి ముందు భక్తులు చెప్పుకున్న కథలో యుద్ధమే లేదు. జార్జి కప్పదొకియవాడు, తల్లిది లుద్ద. పేతురు ఐనెయను పక్కమీద నుంచి లేపిన ఆ లుద్దే. రోమా సైన్యంలో అధికారి. 303లో డయోక్లీషియన్ చక్రవర్తి ఆజ్ఞ వచ్చింది: ప్రార్థనా మందిరాలు కూల్చండి, లేఖనాలు కాల్చండి, క్రైస్తవులైన అధికారుల హోదాలు ఊడబెరకండి. తరవాత దేవతలకు బలి అర్పించమన్నారు. జార్జి ఉన్నదంతా పేదలకు పంచి, చక్రవర్తి ఎదుటికెళ్లి తాను క్రీస్తు మనిషినని చెప్పాడు. తల తీశారు. కథంతా ఇంతే. లుద్దలో ఆయన సమాధి ఉన్న గుడిని ఆనుకునే మసీదు ఉంది. ముస్లిములూ ఆయన్ని గౌరవిస్తారు.

చంపబడినవాడి చేతికి బల్లెం ఇచ్చి చంపేవాణ్ణి చేసుకున్నాం. ఉన్నదంతా పంచేసినవాడి పేరు వ్యాపారం చేసుకునే ఈస్టిండియా కంపెనీ తన కోటకు పెట్టుకుంది. దామెర్ల వెంకటాద్రి నాయకుడు 1639లో ఇచ్చిన చోట లేచిన ఆ మద్రాసు సెయింట్ జార్జి కోట నుంచే, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా, మన టెక్కలికీ హుకుములు వచ్చేవి.

ఇంతకీ రోమా అధికారులు విశ్వాసుల్ని అడిగిందెంత? చాలాచోట్ల చిటికెడు సాంబ్రాణి. చక్రవర్తి ప్రతిమ ముందున్న నిప్పుల మీద వేసి ఇంటికి పొమ్మనేవారు. లోపల ఏం నమ్ముకుంటావో నీ ఇష్టం. జార్జి కాలానికి యాభై ఏళ్ల ముందు, 250లో, డెసియస్ చక్రవర్తి కాలంలో బలి అర్పించినవాళ్లకు సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు. ఐగుప్తు ఇసుకలో ఆ పపైరస్ కాగితాలు దొరికాయి. బలీ ఇవ్వక, ప్రాణమూ ఇవ్వక, లంచమిచ్చి ఆ కాగితం కొనుక్కున్న విశ్వాసులున్నారు. సంఘం వాళ్లను ఏం చెయ్యాలో తేల్చుకోలేక ఏళ్ల తరబడి కొట్టుకుంది. నాకు జార్జి కంటే ఈ కాగితం కొనుక్కున్నవాళ్లే బాగా తెలిసినవాళ్లలా అనిపిస్తారు.

ఎందుకంటే మన దగ్గరికి ఘటసర్పం రాదు, చిటికెడు సాంబ్రాణే వస్తుంది. ఏప్రిల్ అంటే మన ఉద్దానంలో జీడి పిక్కల కాలం. కాటా మీద 80 కిలోల బస్తా ఎక్కుతుంది. వ్యాపారి చెయ్యి అడుగుదాకా దూర్చి గుప్పెడు పిక్కలు తీస్తాడు, నాలుగు కోసి పప్పు చూస్తాడు, చెమ్మ ఉందంటాడు. చెమ్మ ఉందని రైతుకూ తెలుసు. పైన ఎండినవి, అడుగున పచ్చివి పోసింది తనే. తరుగు పేరుతో వ్యాపారి రెండు కిలోలు లాగేస్తాడు. ఇద్దరూ ఆదివారం ఒకే బల్ల మీద కూర్చుని పాటలు పాడే మనుషులైనా ఆశ్చర్యపోను. అడిగితే ఇద్దరిదీ ఒకటే మాట: చిన్నదేగా! 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన కొబ్బరితోటల్ని నేలకూల్చినప్పుడు పరిహారం కోసం పడిపోయిన చెట్లు లెక్క రాయించాం. లేని చెట్టు ఒక్కటి కూడా కూలలేదని ఎవరి గుండె మీద వాళ్లు చెయ్యి వేసుకుని చెప్పగలగాలి. హరిశ్చంద్రుడి పేరు పెట్టుకున్న ఊరు పక్కనే ఉంచుకుని, ఒక్క అబద్ధంతో బయటపడగలిగీ కాటికాపరిగా నిలబడ్డ రాజు కథ నాటకంలో చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లమే మనం.

బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సైనికులొచ్చి మేమేం చెయ్యాలని అడిగితే ఆయన కత్తి గురించి ఎత్తనేలేదు. ఎవర్నీ బెదిరించి గుంజుకోవద్దు, తప్పుడు నేరాలు మోపొద్దు, జీతంతో తృప్తిపడండి అన్నాడు. అన్నీ కాటా దగ్గరి విషయాలే.

ఇదంతా రాశాక నయమాను అడ్డొచ్చాడు. సిరియా సేనాధిపతి, కుష్ఠు పోయాక యెహోవా తప్ప దేవుడు లేడన్నాడు, రెండు కంచరగాడిదల మోత మన్ను ఇమ్మన్నాడు. వెంటనే ఒక మినహాయింపూ అడిగాడు: మా రాజు నా చెయ్యి ఆనుకుని రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు నేనూ వంగాల్సొస్తుంది, ఆ ఒక్కటీ క్షమించాలి. ప్రవక్త ఎలీషా మందలించలేదు, సమాధానంగా వెళ్లమన్నాడు. జార్జి తల ఇచ్చిన చోట నయమానుకు సెలవు దొరికిందే! తేడా ఏమిటంటే, నయమాను ముందే చెప్పుకున్నాడు, సిగ్గుపడ్డాడు, చిన్నదేగా అనలేదు. నాకు ఇంతవరకే అందింది. నయమాను కథ ఉన్న అధ్యాయంలోనే ఎలీషా సేవకుడు గేహజీ ఒక చిన్న అబద్ధమాడి రెండు మణుగుల వెండి, రెండు జతల బట్టలు పట్టుకొచ్చాడు; నయమాను కుష్ఠు అతనికి అంటింది.

మన మందిరాల్లో గేహజీ మీద వర్తమానాలు చాలా విన్నాను, రిమ్మోను గుడి మీద దాదాపు వినలేదు. ఈ ఆదివారం ఎవరైనా సేవకులు ఆ అధ్యాయం తెరిస్తే అక్కడ కాసేపు ఆగి, మాకు అర్థమయ్యేలా చెప్పండి.