శ్రవణ దర్శన భాగ్యము

గరికపాడు, జగ్గయ్యపేట ప్రాంతములనుండి వేదాద్రికి పోవు యాత్రికులు ముందుగా కృష్ణలో మునిగి, పిదప నరసింహుని పంచమూర్తులను సేవింతురు. సోమకాసురుని చెరనుండి విడివడిన వేదములు స్వామి సన్నిధిని కోరి అచ్చట పర్వతమై నిలిచినవని స్థలపురాణము. వేదమునకు శ్రుతి యని పేరు. వినబడునది యని యర్థము. ప్రహ్లాదుడును నవవిధ భక్తులలో శ్రవణమునే మొదట చెప్పెను. తల్లి గర్భమునందే నారదుని మాట విన్నవాడు గదా!

మరి పుట్టుకతోనే చెవి వినబడని శిశువు గతి యేమి? పూర్వకర్మమని కొందరు పెద్దలు ఊరకుందురు. వారే తమ కంట నలుసు పడినచో నీళ్లకై పరుగెత్తుదురు! ఇచ్చట ఆలస్యము పనికిరాదు. మాట నేర్చు శక్తి పసితనముననే మెండు. చెవిలోపల నత్తగుల్లవంటి భాగమున సన్నని తీగనమర్చి, ధ్వనిని విద్యుత్సంకేతముగా శ్రవణనాడికి అందించు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సకు ఆంధ్రప్రదేశమున 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకములో చోటు లభించినది. అయితే శస్త్రచికిత్సతోనే పని ముగియదు. తల్లిదండ్రులు ఓపికతో ఏండ్ల తరబడి బిడ్డకు మాటలు నేర్పింపవలెను. ఒకానొక జన్యులోపముచే చెవుడు కలిగిన ఆరుగురు బాలలకు చీనాదేశమున సరియైన జన్యువును చెవిలోనికి పంపగా, ఐదుగురికి వినికిడి వచ్చినదని 2024లో వైద్యులు ప్రకటించిరి. అది అన్ని చెవుడులకును మందు కాదు.

వైద్యమును కోరుట ప్రపత్తికి భంగమా? కూరేశుల చరిత్రము చూడుడు. ఆచార్యుని రక్షించుటకై చోళరాజసభలో కన్నులు కోల్పోయిన ఆ మహనీయుడు తనకై చూపు నడుగలేదు. కంచి వరదుని స్తుతించి చూపు నర్థింపుమని ఆజ్ఞాపించినవారు సాక్షాత్తు రామానుజులే. అప్పుడును ఆయన తన కీడునకు కారణమైన నాలూరానునికి మోక్షమునే వేడెనట. శిష్యునకు చూపు కావలెనని ఆచార్యులే తపించిరన్నచో, వైద్యుని యొద్దకు పోవుట అపచార మెట్లగును?

నేత్రదానమన్నచో నేటికిని ఇండ్లలో వెనుకంజ. కన్నులిచ్చినవాడు మరుజన్మమున గ్రుడ్డివాడగునని యొక భయము. దేహమంతయు భగవంతునిదే యని నమ్మిన వైష్ణవునకు, విడిచిన దేహములోని కంటిపొర మరియొక దాసునకు ఉపకరించుట కైంకర్యమే గాని లోపము కాదు. మరణించిన ఆరు గంటలలోపల కబురంపవలెను. ముఖము వికృతము కాదు. శుక్లము తీయించుకొన్నవారును ఈయవచ్చును. ఒకరి కన్నులు ఇరువురికి చూపు నీయగలవు. అయితే నల్లగ్రుడ్డుపై పారదర్శకమైన పొర చెడినవారికే ఈ చికిత్స. కంటినరము చెడినచో ఫలింపదు.

తాంబూలపు సున్నము కంట బడి చూపు చెడు పిల్లలును కలరు. అట్టివారికి మంచి కంటి అంచునుండి గోరంత పొర తీసి నాటు పద్ధతిని హైదరాబాదునందలి ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థవారు 2012లో ప్రకటించిరి. 1987లో వెలసిన ఆ సంస్థకు విజయవాడ చెంత తాడిగడపలోను 2011 నుండి ఆసుపత్రి కలదు.

చికిత్స పొంది మొక్కు తీర్చుకొన వేదాద్రికి వచ్చువారికి ఒక మాట. కంటి శస్త్రచికిత్స జరిగినవారు వైద్యుడు సరే యనువరకు నదిలో మునుగరాదు, ప్రోక్షణ చాలును. చెవికి యంత్రమున్న బిడ్డ స్నానమునకు దిగుటకుముందు పైభాగమును తీసి తల్లి కొంగున ముడివేసికొని, తల తుడిచిన పిదప తిరిగి అమర్చి, అప్పుడు సన్నిధికి తీసికొని పోవలెను.